గాజు గోడల మధ్య ఈదే బ్యాక్టీరియా ఎక్కడ చేరుతుంది? ఇంట్లోనే లెక్కపెట్టి చూసే పద్ధతి

బ్యాక్టీరియా ఈదుతున్న ఒక చుక్క నీళ్ళని రెండు గాజు పలకల మధ్య ఇరికించి ఐదు నిమిషాలు వదిలేస్తే, లోపల అవి ఎక్కడెక్కడ ఉంటాయి? ఎవర్ని అడిగినా "అంతటా సమంగానే ఉంటాయి, చక్కెర కలిపిన నీళ్ళలాగా" అంటారు. నేనూ అదే అనుకున్నాను. కానీ అలా ఉండవు. కింది గాజు దగ్గర ఒక గుంపు, పై గాజు దగ్గర ఇంకో గుంపు, మధ్యలో పలచగా. సాయంత్రం ఆరింటికి మా బెంగళూరు సిటీ బస్సెక్కితే తలుపుల దగ్గర కాలు పెట్టే చోటుండదు, మధ్యలో మాత్రం ఖాళీ, కండక్టరేమో "ఒళగె హోగి, ఒళగె హోగి" (లోపలికి పొండి) అని అరుస్తూనే ఉంటాడు. అచ్చం అలాగే. తేడా ఏమిటంటే బస్సులో జనం దిగడానికి సులువని తలుపు దగ్గర నిలబడతారు, బ్యాక్టీరియాకి అలాంటి ఆలోచనేమీ లేదు. అది ఊరికే ఈదుతుంది, ఈత వల్లే గోడ దగ్గర ఇరుక్కుంటుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1963లోనే రాత్‌స్‌చైల్డ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఎద్దు వీర్యకణాలు గాజు పలకల దగ్గర గుమిగూడతాయని కొలిచి చూపించాడు. 2008లో బెర్క్, టర్నర్, బర్గ్, లౌగా అనే నలుగురు పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియాని 100 మైక్రాన్లు, 200 మైక్రాన్ల సందుల్లో పెట్టి ఎత్తు ఎత్తుకీ లెక్కపెడితే రెండు గోడల దగ్గరా శిఖరాలు వచ్చాయి, మధ్యలో చదునుగా పల్లం వచ్చింది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, బ్యాక్టీరియా ఒళ్ళు రెండు మైక్రాన్ల పొడవుంటుంది, ఇవి రెండూ గుర్తుంటే మిగతాది నడుస్తుంది.

మా అక్క కొడుకు పీయూసీ (కర్ణాటకలో ఇంటర్) చదవడానికి హిందూపురం నుంచి మా ఇంటికి వచ్చి ఉంటున్నాడు. వాడి ప్రాజెక్టు కోసం ఈ పని మా భోజనాల బల్ల మీద మూడు వారాలు నడిచింది, మొదటి రెండు వారాలూ తప్పుడు లెక్కలే. ఆ తప్పులన్నీ తిరగేసి చూస్తే దాదాపు ప్రతిదాని వెనకా ఒకే కారణం: ఈదేవాటినీ, ఊరికే పడి ఉన్నవాటినీ ఒకే గంపలో వేసి లెక్కపెట్టడం. కింద రాసిందంతా ఆ రెండింటినీ విడదీయడం ఎలాగో చెప్పడానికే.

ముందు కాస్త కారణం

ఈ భాగం వదిలేసి నేరుగా పనిలోకి దిగొచ్చు గానీ, ఏం చూడాలో తెలియకపోతే మైక్రోస్కోపులో కనబడేదంతా చీమల బారే.

ఈ.కోలై సెకనుకి ఇరవై, ముప్పై మైక్రాన్లు ఈదుతుంది, అంటే సెకనులో తన పొడవుకి పదింతల దూరం పోతుంది. ఒక సెకను తిన్నగా పరుగు, ఆ తర్వాత సెకనులో పదో వంతు సేపు పల్టీ, మళ్ళీ ఇంకో దిక్కుకి పరుగు. బర్గ్, బ్రౌన్ అనే ఇద్దరు 1972లో కదిలే కణాన్ని వెంటాడే మైక్రోస్కోపు కట్టి మరీ దీన్ని కొలిచారు. ఇంత చిన్న ఒంటికి నీళ్ళు నీళ్ళలా ఉండవు, పాకంలా ఉంటాయి. మనం చెరువులో ఒక బార వేసి ఆగితే ఇంకాస్త ముందుకి జారతాం, అది మాత్రం తోక ఆపిన క్షణంలోనే ఆగిపోతుంది, జారే దూరం ఒక అణువు వెడల్పంత కూడా ఉండదు. కాబట్టి గోడని గుద్దుకుని బంతిలా వెనక్కి ఎగరడమనేది ఉండదు.

మరి ఏమవుతుంది? కళ్ళకి గంతలు కట్టుకుని గదిలో నడిచేవాడిని ఊహించుకోండి. గోడ తగిలింది, నడక ఆపడు, ఒళ్ళు గోడ వెంట తిరుగుతుంది, ఇక గోడని రాసుకుంటూ పోతూనే ఉంటాడు, ఎప్పుడో తల తిరిగి దిక్కు మారితే తప్ప మధ్యలోకి రాడు. బ్యాక్టీరియా పరిస్థితీ అంతే. గోడకి సమాంతరంగా తిరగడానికి సెకను కూడా పట్టదు, వదిలి రావడానికి మాత్రం నీటి అణువుల తాకిడి కొంచెం కొంచెంగా దాని ముక్కుని పక్కకి తిప్పాలి, లేదా ఒక మంచి పల్టీ పడాలి. గోడ దగ్గర ఆ పల్టీలు కూడా సగానికి తగ్గుతాయని 2014లో కొలిచారు. 1995లో బర్గ్ బృందం వెంటాడిన కణాల్లో నిమిషం దాటినా గాజుని వదలనివి ఉన్నాయి. రావడం తేలిక, పోవడం కష్టం, కాబట్టి అక్కడ జనాభా పెరుగుతుంది.

ఇంకో కారణం కూడా చెబుతారు. ఈ.కోలై వెనక నుంచి నెట్టుకుంటూ ఈదే రకం, అలాంటి ఈతలో నీళ్ళు ముందుకీ వెనక్కీ తోసుకుపోయి పక్కల నుంచి లోపలికి వస్తాయి. పక్కన గోడ ఉంటే అటు నుంచి రావలసిన నీళ్ళు సరిగా రాలేక కణమే గోడ వైపు జరుగుతుంది. పైన చెప్పిన నలుగురి 2008 వ్యాసం ఈ లాగుడునే ముఖ్యంగా పట్టుకుంది. 2009లో లీ, టాంగ్ అనే ఇద్దరు, ఆ లాగుడు లేకపోయినా గుద్దుకోవడం, మెల్లగా దిక్కు తప్పడం, ఈ రెండూ చాలని చూపించారు. 2011లో ఒక్క కణం చుట్టూ నీటి ప్రవాహాన్ని నేరుగా కొలిచినవాళ్ళు, ఆ లాగుడు గోడకి కొద్ది మైక్రాన్ల దగ్గరకొస్తే తప్ప లెక్కలోకి రాదన్నారు. నా ఓటు గుద్దుకోవడానికే, ఇంటి మైక్రోస్కోపులో మనకి కనబడేదీ అదే.

1. బ్యాక్టీరియా పెంచడం

ఈ.కోలై జోలికి పోవద్దు. మురుగునీళ్ళు, మనుషుల నుంచి తీసిన నమూనాలు అసలే వద్దు. మనకి కావలసింది ఎండుగడ్డి. పల్లెటూళ్ళో అయితే చెప్పనక్కర్లేదు, బెంగళూరులోనూ ఆవుల్ని పెంచే పాలవాళ్ళు ఇంకా ఉన్నారు, రాగి గడ్డి గుప్పెడు అడిగితే విచిత్రంగా చూసి ఇస్తారు. లేదంటే కుందేళ్ళకి వేసే గడ్డి పెట్ షాపుల్లో దొరుకుతుంది.

గుప్పెడు గడ్డి కత్తిరించి అర లీటరు క్యాను నీళ్ళలో పావుగంట మరగబెట్టండి. నేరుగా కొళాయి నీళ్ళు వాడొద్దు, క్లోరిన్ ఉంటుంది, బోరు నీళ్ళైతే ఉప్పు పలుకులు గాజు మీద మిగిలి కళ్ళకి అడ్డం పడతాయి. మరిగించినా గడ్డి మీదుండే బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా బీజాలు (గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే రూపం) చావవు, మిగతావి చాలావరకు పోతాయి, 19వ శతాబ్దంలో ఫెర్డినాండ్ కోన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ గడ్డి కషాయంతోనే ఆ సంగతి కనిపెట్టాడు. వడకట్టి వెడల్పు సీసాలో పోసి మూత వదులుగా పెట్టి ఒక మూల ఉంచండి. రెండు రోజుల్లో కషాయం మసకబారుతుంది, పైన పలచటి తెట్టె కడుతుంది. వాసన వస్తుంది, మా ఇంటి ఓనరు ఆంటీ రెండోసారి అడిగేసరికి సీసాని బాల్కనీలోకి మార్చాం.

తెట్టెని కదపకుండా, దాని కిందనుంచి డ్రాపరుతో తీసుకోండి. బాగా ఈదేవి అక్కడే ఉంటాయి. మూడు నాలుగు రోజులు దాటితే సగం బీజాలుగా మారి కదలడం మానేస్తాయి, అప్పుడిక మరిగించడం నుంచి మళ్ళీ మొదలు. గడ్డి దొరక్కపోతే మిరియాలు నానబెట్టిన నీళ్ళు కూడా పనికొస్తాయి. 1676లో లీవెన్‌హుక్ అనే డచ్చివాడు మిరియాల ఘాటుకి కారణం వెతుకుతూ అలాంటి నీళ్ళలోనే బ్యాక్టీరియాని చూశాడు. అందులో రకరకాలవి కలిసి ఉంటాయి గనక లెక్కకి గడ్డి కషాయమే మేలు.

చేతులకి గ్లౌజులు వేసుకోండి, సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోవద్దు, వంటగది గిన్నెలు వాడొద్దు. గడ్డి మీద ఏ రకాలున్నాయో మనం పరీక్ష చేయలేదు, ఆ మాత్రం భయం ఉండాలి.

2. మైక్రోస్కోపు, వెలుతురు

40ఎక్స్ లెన్సు, కింద వెలుతుర్ని కూడగట్టే కండెన్సరు, దానికి తెరిచి మూసే ఐరిస్ ఉన్న మామూలు స్టూడెంట్ మైక్రోస్కోపు చాలు. పారదర్శకంగా ఉండే కణాల్ని స్పష్టంగా చూపే ఫేజ్ కాంట్రాస్ట్ ఏర్పాటు ఉంటే అదృష్టం. కాగితంతో మడిచే మైక్రోస్కోపులు వేరే పనులకి బాగుంటాయి గానీ దీనికి చాలవు.

40ఎక్స్ లెన్సు ఒకేసారి దాదాపు ఒకటి రెండు మైక్రాన్ల మందం ఉన్న పొరని మాత్రమే స్పష్టంగా చూపిస్తుంది, ఆ పొర పైనా కిందా ఉన్నవి మసకబారతాయి. ఇదే మనకి కత్తి. దీంతోనే నీళ్ళని పొరలు పొరలుగా కోసి చూస్తాం. చిక్కేమిటంటే బ్యాక్టీరియా గాజులా ఉంటుంది, బాగా కనబడాలంటే ఐరిస్ మూయాలి, మూసిన కొద్దీ ఆ పొర లావవుతుంది. పూర్తిగా మూస్తే అన్ని ఎత్తులూ కలిసి ఒకే ముద్ద. సగం దాకా మూసి, కణాలు కష్టంగానైనా కనబడే చోట ఆపేయండి, ఆ తర్వాత ప్రయోగం అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు. మావాడు ప్రతి ఎత్తు దగ్గరా "ఇంకొంచెం బాగా కనబడాలి" అని ఐరిస్ కదిపి ఒక పూట లెక్కంతా పాడు చేశాడు.

ఫోనుని కంటి కటకానికి బిగించే క్లిప్పు తప్పనిసరి. కంటితో చూస్తూ లెక్కపెట్టడం కుదరదు, వీడియో తీసి తర్వాత ఆపి చూడాలి.

3. గాజు గది కట్టడం

స్లైడు మీద రెండు పట్టీలు డబుల్ సైడ్ టేపు అంటించి, మధ్యలో సెంటీమీటరు సందు వదిలి, పైన కవర్ స్లిప్ (పలచటి గాజు ముక్క) పెట్టి మెల్లగా నొక్కండి. పలచటి డబుల్ సైడ్ టేపు మందం దాదాపు 100 మైక్రాన్లు. స్పాంజి టేపు కొనొద్దు, అది దానికి పదింతలు. ఒక పక్కనుంచి చుక్క వేస్తే కషాయం తనంతట తనే లోపలికి పాకుతుంది, గాలి బుడగ పడితే ఆ గది పారేసి ఇంకోటి కట్టండి.

తెరిచి ఉన్న రెండు పక్కలా వాజెలిన్ రాసి మూసేయాలి. లేకపోతే నీరు ఆరుతూ లోపల చిన్న ప్రవాహం పుడుతుంది, కణాలన్నీ గుడి ఊరేగింపులా ఒకే దిక్కుకి కదులుతుంటే అదేదో గొప్ప సంగతనుకుని మేము అరగంట వీడియో తీశాం. నెయిల్ పాలిష్ మంచి సీలే గానీ అందులోని ద్రావకం అంచు దగ్గరున్నవాటిని చంపేస్తుంది.

తర్వాత అతుక్కోవడం. శుభ్రమైన గాజుకి బ్యాక్టీరియా నిజంగానే అతుక్కుంటుంది, బిందె నాలుగు రోజులు తోమకపోతే లోపల చేతికి తగిలే జారుడు అలా మొదలయ్యేదే. ల్యాబుల్లో గాజుకి ముందే అల్బుమిన్ ప్రోటీను పూస్తారు. ఇంట్లో పాలు ఎందుకు వాడకూడదని నాకో తెలివి పుట్టింది, పాలలో కేసీన్ అనే ప్రోటీను ఉంటుంది కదా. ఫ్రిజ్‌లో ఉన్న ఫుల్ క్రీమ్ పాలలో నీళ్ళు కలిపి స్లైడు ముంచి తీశాం. మావాడు మైక్రోస్కోపులోకి చూసి "చిన్నమ్మా, ఇక్కడ వందలున్నాయి, అన్నీ గుండ్రంగా ఉన్నాయి, ఉన్నచోటే డాన్స్ చేస్తున్నాయి" అన్నాడు. గంటసేపు శ్రద్ధగా లెక్కపెట్టి నోట్సు కూడా రాశాడు పాపం. అవి వెన్న బొట్లు. అందుకని వెన్న తీసిన పాలు, ఒక వంతుకి పది వంతుల నీళ్ళు, పది నిమిషాలు ముంచి తర్వాత క్యాను నీళ్ళతో రెండుసార్లు కడిగేయండి. అతుక్కోవడం పూర్తిగా ఆగదు, తగ్గుతుంది.

4. ఫోకస్ మరని కొలవడం

అందరూ వదిలేసేది ఇదే. ఫైన్ ఫోకస్ మర మీద సన్నని గీతలుంటాయి, ఒక్కో గీతకి స్లైడు పెట్టే బల్ల ఎంత కదులుతుందో మైక్రోస్కోపుని బట్టి మారుతుంది, రెండు మైక్రాన్లు సాధారణం. నమ్మకండి, కొలవండి.

పది కవర్ స్లిప్పులు దొంతరగా పెట్టి స్క్రూ గేజితో మందం కొలిచి పదితో భాగించండి. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో తప్ప ఇంకెక్కడా వాడమనుకున్న స్క్రూ గేజి ఇలా అక్కరకొచ్చింది. ఒక్క స్లిప్పు 150 మైక్రాన్లు వచ్చిందనుకోండి. దాని పైన ఒక మార్కరు చుక్క, కింద ఇంకో రంగు చుక్క పెట్టి, ఒకదాని మీంచి రెండోదాని మీదకి ఫోకస్ మారడానికి ఎన్ని గీతలు తిరిగాయో చూడండి. ఇక్కడో మెలిక ఉంది, గాజులోంచి చూస్తే మందం తక్కువగా కనిపిస్తుంది, స్విమ్మింగ్ పూల్ లోతు తక్కువ అనిపించినట్టే. గాజు వక్రీభవన గుణకం 1.5, కాబట్టి 150 మైక్రాన్ల మందానికి మర 100 మైక్రాన్లే కదులుతుంది. 50 గీతలు తిరిగితే గీతకి రెండు మైక్రాన్లన్నమాట.

నీళ్ళకి ఆ అంకె 1.33. అంటే మన 100 మైక్రాన్ల గదిని కింది నుంచి పై దాకా దాటడానికి మర 75 మైక్రాన్లే తిరగాలి. నాలుగు గీతలు తిప్పితే నీళ్ళలో దాదాపు పది మైక్రాన్లు ఎక్కినట్టు. ఈ సంగతి తెలియక మొదట్లో టేపు కంపెనీ మోసం చేసిందనుకున్నాం, టేపు తప్పేమీ లేదు.

ఎప్పుడూ మరని ఒకే దిక్కులో తిప్పుతూ కొలవాలి. వెనక్కీ ముందుకీ తిప్పితే పళ్ళ మధ్య వదులు వల్ల రెండు మూడు గీతలు గాలిలో పోతాయి.

5. అసలు లెక్క

చుక్క వేసిన వెంటనే మొదలుపెట్టొద్దు, ఐదు నిమిషాలు ఆగండి. ఎందుకు ఐదు? పరుగు, పల్టీ, పరుగు లెక్కన ఈదే కణం 100 మైక్రాన్లు చెదిరిపోవడానికి పది, ఇరవై సెకన్లు పడుతుంది, కాబట్టి ఐదు నిమిషాల్లో అవి గదంతా చాలాసార్లు చుట్టేసి ఒక స్థిరమైన పంపకానికి వచ్చేస్తాయి. అదే చచ్చిన కణం నీటి అణువుల తోపుడుతో మాత్రమే అంత దూరం పోవాలంటే మూడు గంటలకి పైనే.

అంచులకీ టేపుకీ దూరంగా, గది నడిమధ్యలో ఒక చోటు ఎంచుకోండి. కింది గాజు మీద ఒక గీతో దుమ్ము రేణువో వెతికి దాన్ని ఫోకస్‌లోకి తెండి, అది సున్నా. అక్కడ ముప్పై సెకన్ల వీడియో. నాలుగు గీతలు పైకి, మళ్ళీ ముప్పై సెకన్లు. ఇలా పై గాజు దాకా పదకొండు ఎత్తులు. అక్కడ ఆగకుండా, వదులు పోయేలా మర కాస్త ఎక్కువ తిప్పి వెనక్కి వచ్చి, పై నుంచి కిందికి ఇంకోసారి. రెండు దిక్కుల లెక్కలూ సగటు తీస్తే, కాలం గడిచే కొద్దీ కణాలు అలిసిపోవడం వల్ల వచ్చే తేడా చాలావరకు కొట్టుకుపోతుంది.

వీడియోని రెండు సెకన్లకొకసారి ఆపి, ఆ ఒక్క చిత్రంలో స్పష్టంగా కనబడే కణాల్ని లెక్కపెట్టండి. అది ఈదుతోందా లేదా అన్నది తేల్చడానికి నాలుగైదు ఫ్రేములు ముందుకీ వెనక్కీ జరపండి. మూడు గడులు పెట్టుకోండి: ఈదేవి, ఉన్నచోటే వణికేవి, అతుక్కున్నవి. పది సెకన్లలో ఎన్ని కణాలు కనబడి పోయాయి అని మాత్రం లెక్కపెట్టొద్దు, అది మోసం చేస్తుంది. మధ్యలో ఉన్నవి పైకీ కిందికీ ఏటవాలుగా పోతూ ఫోకస్‌లోంచి క్షణంలో జారుకుంటాయి, కొత్తవి వస్తాయి, దాంతో మధ్యలో చాలా ఉన్నట్టనిపిస్తుంది. గోడ దగ్గరవి సమాంతరంగా ఈదుతాయి గనక అదే కణం చాలాసేపు కళ్ళముందే ఉంటుంది. ఆపిన చిత్రమే నిజం చెబుతుంది.

ఎన్ని లెక్కపెట్టాలి? లెక్కలో ఉండే ఊగిసలాట ఆ సంఖ్యకి వర్గమూలమంత ఉంటుంది. తొమ్మిది లెక్కపెడితే మూడు అటూ ఇటూ, అంటే ఏమీ తేలనట్టే. ఒక్కో ఎత్తుకి అన్ని ఫ్రేములూ కలిపి వంద దాటితే ఊగిసలాట పది శాతానికి తగ్గుతుంది. ఒకే కణం వరసగా రెండు ఫ్రేముల్లో పడుతుంటుంది కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే ఉండాలి, రెండు వందలు పెట్టుకోండి. విసుగే. మేము ఇద్దరం వంతులు వేసుకుని క్రికెట్ చూస్తూ చేశాం.

ఈదేవాటి లెక్కని ఎత్తుకి ఎదురుగా గీస్తే మంచం ఆకారం వస్తుంది, రెండు చివర్లా కోళ్ళు లేచి, నడుమ చదును. గోడకి పది మైక్రాన్లలోపే ఆ లేవడమంతా జరుగుతుంది. అందుకని రెండు గోడల దగ్గరా మొదటి పది మైక్రాన్లలో ప్రతి రెండు గీతలకీ ఒకసారి ఆగి లెక్కపెట్టడం మంచిది, మధ్యలో బద్ధకంగా ఉన్నా నష్టం లేదు.

6. దొంగ లెక్కలు పట్టుకోవడం

కింద గుంపు కనబడగానే ఎగిరి గంతేయకండి. చచ్చినవీ కిందే చేరతాయి. బ్యాక్టీరియా నీటికన్నా పదో వంతు బరువెక్కువ, అంత చిన్న ఒళ్ళు సెకనుకి దాదాపు 0.05 మైక్రాన్ల చొప్పున మునుగుతుంది. లెక్కేసుకోండి, 100 మైక్రాన్ల గదిలో అరగంట దాటేసరికి కదలనివన్నీ నేల మీదే. సెకనుకి ఇరవై మైక్రాన్లు ఈదేదానికి ఆ మునక లెక్కలోకే రాదు.

అందుకే ఈ ప్రయోగంలో నమ్మదగ్గ సాక్షి కింది గాజు కాదు, పై గాజు. బరువు వల్ల ఏదీ పైకి పోదు. పై గాజు దగ్గరా గుంపుంటే అది ఈత వల్ల వచ్చినదే. దీన్ని రుజువు చేసుకోవడానికి అదే కషాయం కొంచెం చిన్న సీసాలో తీసుకుని, మరిగే నీళ్ళ గ్లాసులో ఐదు నిమిషాలు ఉంచి చల్లార్చి, ఇంకో గది కట్టి చూడండి. ముప్పావు గంట తర్వాత పై గాజు దగ్గర ఖాళీ, కింద మాత్రం కిక్కిరిసి వణుకుతూ ఉంటాయి. ఈ రెండు గదుల గ్రాఫులూ పక్కపక్కన పెట్టిన రోజే మా ప్రాజెక్టుకి ప్రాణం వచ్చింది.

రెండో దొంగ ఆక్సిజన్. బాసిల్లస్‌కి గాలి కావాలి, మూసిన గదిలో అది అయిపోతుంటే కణాలు బుడగ వైపో అంచు వైపో పరుగులు తీస్తాయి. 1880ల్లోనే ఎంగెల్‌మాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త నాచు పోగు ఎక్కడ ఆక్సిజన్ వదులుతోందో బ్యాక్టీరియా గుంపుల్ని చూసి కనిపెట్టాడు. మనకది శాస్త్రం కాదు, తలనొప్పి. బుడగ లేని గది, అంచుకి దూరం, ఇరవై నిమిషాల్లో పని ముగించడం, ఈ మూడూ పాటించండి. కణాలు నెమ్మదించినట్టనిపిస్తే ఆ గది లెక్క ఆపేసి కొత్తది కట్టండి.

7. ప్రదక్షిణం, అప్రదక్షిణం

ఫోకస్ నిజంగా గోడ దగ్గరే ఉందా అని తేల్చుకోవడానికి ఒక చక్కని గుర్తుంది. గాజుకి దగ్గరగా ఈదే కణం తిన్నగా పోదు, వంకర తిరుగుతుంది, తీరిక దొరికితే గుండ్రంగా చుట్టేస్తుంది. కశాభాల (ఈదడానికి తిప్పే తోకల్లాంటి పోగుల) కట్ట ఒక వైపుకి తిరుగుతుంటే దానికి సమాధానంగా ఒళ్ళు రెండో వైపుకి దొర్లుతుంది. నేల మీద దొర్లే బిందెలా, గోడ పక్కన ఆ దొర్లుడు వల్ల తల కుడికి, తోక ఎడమకి జరుగుతాయి. అలా కుడికి కుడికి తిరుగుతూ పోతుంది.

నీళ్ళలోంచి గోడని చూస్తే ఆ చుట్టు సవ్యదిశలో ఉంటుంది. మన మైక్రోస్కోపు పై నుంచి చూస్తుంది కాబట్టి కింది గాజు మీదవి గుడి చుట్టూ తిరిగినట్టు ప్రదక్షిణంగా, పై గాజు దగ్గరవి అప్రదక్షిణంగా తిరుగుతాయి. పై గాజుని మనం వెనకవైపు నుంచి చూస్తున్నాం, అంతే తేడా. మావాడు ఇది తనంతట తనే గమనించి "చిన్నమ్మా, పైన ఉన్నవాటికి పద్ధతి లేదు" అన్నాడు. మైక్రోస్కోపు బొమ్మని తలకిందులు చేస్తుంది కదా, దిశ మారదా అని అడిగేవాళ్ళుంటారు: మారదు, తలకిందులు చేయడమంటే బొమ్మని సగం చుట్టు తిప్పడమే, అద్దంలో చూపడం కాదు. మధ్య ఎత్తులో ఈ వంకర కనబడకపోతే మీ ఎత్తుల లెక్క సరిగ్గా ఉన్నట్టే. గాలి బుడగ ఉపరితలం దగ్గర మాత్రం ఈ.కోలై చుట్టు ఎదురు తిరుగుతుందని 2011లో చూపించారు, ఎందుకంటే గాజు నీటిని పట్టి ఆపుతుంది, గాలి ఆపదు.

2005లో డిలుజియో బృందం సన్నని కాలువల్లో ఈ.కోలైని వదిలితే కుడి పక్క గోడ పట్టుకుని పోయింది. బెంగళూరు రోడ్లకి రాని క్రమశిక్షణ.

8. సందు మార్చి చూడడం

100 మైక్రాన్ల దగ్గర మంచం ఆకారం స్థిరంగా వచ్చాకే ఇది. రెండు పొరల టేపు వేస్తే 200 మైక్రాన్లు: గోడల దగ్గరి కోళ్ళు దాదాపు అలాగే ఉంటాయి, నడుమ చదును మాత్రం పొడుగవుతుంది. దీన్నిబట్టి గోడ ప్రభావం సందు ఎంతున్నా గోడకి పది మైక్రాన్లలోపే అని తెలుస్తుంది. మొత్తం జనాభాలో గోడల దగ్గర ఉన్నవాళ్ళ వాటా మాత్రం సందు సన్నబడే కొద్దీ పెరుగుతుంది.

టేపు బదులు వంటగది అల్యూమినియం ఫాయిల్ ముక్కలు పెడితే సందు పది, ఇరవై మైక్రాన్లకి దిగుతుంది. నొక్కి పట్టుకోవడం, సీలు వేయడం రెండూ చిరాకే, మాకు ఐదింటిలో ఒకటి నిలిచింది. ఇక్కడ మధ్య అనేదే లేదు, అంతా గోడే, కాబట్టి ఎత్తు లెక్క మానేసి దారులు చూడండి. పైగోడ ఒక వైపుకి, కిందిగోడ రెండో వైపుకి తిప్పాలని చూస్తాయి గనక రెండింటికీ సమాన దూరంలో పోయే కణం తిన్నగా పోతుంది. ఇంతకన్నా సన్నని సందులు ఇంట్లో కుదరవు. ల్యాబుల్లో 2009లో సిలికాన్ మీద చెక్కిన కాలువల్లో, తన మందంకన్నా మూడో వంతు కూడా ఎక్కువ లేని వెడల్పులోంచి ఈ.కోలై ఈదుకుపోయింది.

నీళ్ళు పారుతుంటే కథ ఇంకా మారుతుంది. గోడ దగ్గర ఈదే ఈ.కోలై ప్రవాహానికి ఎదురీదుతుంది, మూత్రనాళంలో పెట్టే కాథెటర్ గొట్టాల విషయంలో దీని గురించి ఆలోచించేది అందుకే. దానికి పంపు కావాలి, మా బల్ల మీద చోటు లేదు.

9. పని అయ్యాక

వాడిన గదులన్నీ పడేయడానికి ఒక పాత ప్లాస్టిక్ డబ్బాలో బ్లీచ్ కలిపిన నీళ్ళు ముందే సిద్ధం చేసుకోండి, అరగంటైనా నాననివ్వండి. మిగిలిన కషాయంలో కూడా బ్లీచ్ పోసి అరగంట ఆగి అప్పుడు పారబోయండి, మరిగిస్తే చాలదు, ఆ బీజాలు మరిగినా బతికాయనే కదా వాటిని పెంచుకున్నాం. బ్లీచ్ పని కిటికీ తీసి చేయండి, యాసిడ్ టాయిలెట్ క్లీనరు దాని దగ్గరకి కూడా రానివ్వొద్దు. కవర్ స్లిప్పులు మళ్ళీ వాడాలని ఆశపడకండి, కడిగేటప్పుడు విరిగి వేలు తెగుతుంది. స్లైడుల మీది వాజెలిన్ అంట్లు తోమే సబ్బుకి పోతుంది, టేపు జిగురు మాత్రం గోరుతో గీకాల్సిందే.